మా బావ నిద్ర కోసం ఎక్కిన ఓడ

ఇవాళ పొద్దున్న కాఫీ గ్లాసు చేతిలో ఉండగా ఫోన్‌లో ఒక మెసేజ్ వచ్చింది. నాకు వచ్చే మెసేజ్‌లు సామాన్యంగా మూడు రకాలు: మోకాళ్ళ నూనె, ఆనందపురం దాటాక ప్లాట్లు, నేను అడగని అప్పు. ఇది వాటిలో చేరేది కాదు. సీజన్ అయిపోయింది కాబట్టి షికారు ఓడ మన విశాఖ రేవు నుంచి అవతలి తీరాన కొచ్చిన్‌కి వెళ్ళిపోతోందట, ఒకవైపు ప్రయాణమట, దారిలో దిగే ఊళ్ళు లేవట, చూడవలసిన ప్రదేశాలంటూ ఏవీ లేవట, కావలసినవాళ్ళు ఎక్కవచ్చునట. ఒక్కసారి ఓడెక్కిన పాపానికి ఆ కంపెనీవాళ్ళు నన్ను నావికుల్లో జమ కట్టేశారు. చెరిపేద్దామని వెళ్ళిన బొటనవేలు చెరపలేక ఆగిపోయింది. కాఫీ చల్లారింది. మా బావ గుర్తొచ్చాడు. గుర్తు రావడానికి ఆయనేం దూరాన లేడు, గాజువాకలో మాకు రెండు వీధుల అవతలే ఉన్నాడు. నాకు గుర్తొచ్చింది అప్పటి మా బావ, నిద్రపోవడం మానేసిన మనిషి.

చూడవలసినవి ఏవీ లేవు అన్నది ఆ ప్రకటనలో లోపం అనుకునేరు. ఆకర్షణ అంతా అదే. ఈ రకం ప్రయాణాల సంగతి నాకూ అప్పటిదాకా తెలీదు. ఋతువు మారితే కొంగలు చోటు మారినట్టు షికారు ఓడలు కూడా మారతాయి. ఇటు సముద్రం మొహం చిట్లించుకునే రోజులు వచ్చేసరికి అటెక్కడో జనానికి సెలవులు మొదలవుతాయి. ఓడని వట్టిగా తోలుకుపోవడం దేనికని, ఎవరైనా వస్తారేమో చూసి తక్కువ ధరకి గదులిస్తారు. నేను ఉద్యోగం వెలగబెట్టింది టైమ్ ఆఫీసులో, జనం హాజరు రాసే సీట్లో, కాబట్టి నాకర్థమయ్యే భాషలో చెప్పుకున్నాను: ఓడకి ట్రాన్స్‌ఫర్ అయింది. పాత చోట వదిలేశారు, కొత్త చోట ఇంకా చేరలేదు. ఆ మధ్యలో ఉద్యోగస్థుడికి జాయినింగ్ టైమ్ అని కొన్ని రోజులిస్తారు చూడండి, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేని రోజులు, అదన్నమాట. నాకు అవి ఎప్పుడూ దక్కలేదు. నన్ను ఎప్పుడు బదిలీ చేసినా ఈ గదిలోంచి ఆ గదిలోకే చేశారు. నా జాయినింగ్ టైమ్ కుర్చీ మోసుకెళ్ళేంతసేపు.

మా బావ అంటే మా అక్క మొగుడు. ఇద్దరం ఉక్కు ఫ్యాక్టరీలోనే రిటైరయ్యాం. ఆయన ఉక్కు చేశాడు, నేను ఉక్కపోతలో కాగితాలు చేశాను. ఆయనది కొలిమి దగ్గర షిఫ్టు డ్యూటీ, ఒక వారం పగలు, ఒక వారం సాయంత్రం, ఒక వారం రాత్రి. నాది జనరల్ షిఫ్టు. పేరుకు తగ్గట్టు జనరల్‌గా నిద్రపోయేవాణ్ణి, ఇంట్లో కొంత, ఆఫీసులో కొంత. మా అక్క వాళ్ళ క్వార్టరుకి వెళితే పట్టపగలు కూడా పిల్లిలా నడవాలి. రాత్రి డ్యూటీ చేసొచ్చి ఆయన పడుకునే గది కిటికీలకి పాత పేపర్లు మైదా జిగురుతో అంటించి ఉండేవి. వేసవిలో ఆ జిగురు, ఆయన బట్టల్లోని బొగ్గు వాసన, తడిపి వేలాడేసిన గోనెపట్టా వాసన కలిసి గుమ్మం దాకా వచ్చేవి. కుక్కరు కూతకొచ్చేలోపు మా అక్క పరిగెత్తి స్టవ్ ఆపేసేది. అందుకే వాళ్ళింట్లో పప్పు ఎప్పుడూ పలుకుగానే ఉండేది. వీధి మొదట్లో "సేపలమ్మా సేపలు" అని గొంతెత్తిన చేపలామె వాళ్ళ గుమ్మం దగ్గరకొచ్చేసరికి, "కానాగంతలున్నాయమ్మా" అని గుసగుసలాడేది, దొంగసొమ్ము అమ్ముతున్నట్టు.

షిఫ్టు మనుషుల్లో ఒక పద్ధతుంది. సైరన్ మోగినంత మాత్రాన డ్యూటీ దిగిపోకూడదు. తర్వాతి షిఫ్టువాడు, వాళ్ళ మాటలో రిలీవరు, వచ్చి ఎదురుగా నిలబడాలి. "సెప్పు బావ, ఏటి పొజిషన్?" అని అడగాలి. దిగేవాడు ఉన్నదున్నట్టు చెప్పాలి, ఏది వేడెక్కుతోంది, ఏది మూలుగుతోంది, దేనిమీద కన్నేసి ఉంచాలి. అంతా విన్నాక వచ్చినవాడు "నాను సూసుకుంతాను, నువ్వెల్లు" అనాలి. ఆ మాట చెవిన పడేదాకా కాలు కదలకూడదు. రిలీవరు రాకపోతే డబుల్ డ్యూటీయే. నా పెళ్ళికి మా బావ రాలేదు. అంటే వచ్చాడు గాని, తాళి కట్టడం అయ్యాక, బంతి భోజనాలు కూడా లేచాక, మసిబట్టలతో వచ్చాడు. ఫొటోలో పెళ్ళికొడుకు పక్కన కారు బాగుచెయ్యడానికి వచ్చినవాడు నిలబడ్డట్టుంటాడు. "ఒక్కగానొక్క బావమరిది పెళ్ళికి రాలేకపోయావేటయ్యా," అని మా నాన్న నిలదీస్తే, "రిలీవరు రానేదు మావ," అన్నాడు, అంతకుమించి చెప్పడానికేముందన్నట్టు. మా నాన్న చాలాకాలం మొహం మాడ్చుకుని, చివరికి ఆ మాటనే ఊళ్ళో అల్లుడి గొప్పగా చెప్పుకున్నాడు.

రిటైరయ్యాక వాళ్ళు గాజువాకలో ఇల్లు కట్టుకుని దిగారు. ఇక కిటికీలు తెరిచిపెట్టుకుని హాయిగా నిద్రపోతాడనుకున్నాం. మొదట్లో పోయాడు కూడా. అప్పటికే మా అక్కకి చక్కెర జబ్బు, ఇన్సులిన్ పొడుచుకునేది. ఒక తెల్లవారుజామున షుగరు పడిపోయి, ఆయన పక్కనే, చెమటలు కక్కి స్పృహ తప్పింది. మా బావ గాఢనిద్రలో ఉన్నాడు. పాలవాడు తలుపు బాదాడు కనక సరిపోయింది. మా అక్క గ్లూకోజు ఎక్కించుకుని, సాయంత్రానికల్లా లేచి కూర్చుని, వార్డులో ఉన్నవాళ్ళందరికీ సంబంధాలు కూడా కుదిర్చింది. కోలుకోనిది మా బావే. ఆ రోజుతో నిద్రపోవడం మానేశాడు. మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని ఆమె మెడ మీద చెయ్యేసి కూర్చునేవాడు. పగటిపూట కునుకు పడితే "ఏటి, ఏటి" అంటూ లేచేవాడు. వాళ్ళ కూతురు, అంటే మా మేనకోడలు, పెందుర్తి నుంచి వచ్చి "నేను చూస్తాను నాన్నా" అన్నా కుర్చీ వదల్లేదు. మనిషి చిక్కిపోయి, కళ్ళ కింద నల్లబడి, చివరికి ఒకరోజు ఛాతీ పట్టుకుని కూలబడ్డాడు. గుండెకి ఆపరేషన్ తప్పదన్నారు. కానీ రక్తపోటు ఆకాశంలో ఉంది, అది దిగితేగాని కత్తి పెట్టనన్నాడు డాక్టరు. అది దిగాలంటే నిద్ర కావాలి. మాత్రలిస్తే నాలిక కింద దాచుకుని మొక్కల్లో ఉమ్మేసేవాడు. మొక్కలు బాగానే నిద్రపోయి ఉంటాయి. ఇలాగే సాగితే మనిషి దక్కడని డాక్టరు నన్నూ మా అక్కనీ విడిగా పిలిచి చెప్పాడు.

ఓడ ఆలోచన మా అక్కదే. కూతురి ఫోన్‌లో చూసిందట. వంటింట్లో బీరకాయ చెక్కు తీస్తూ నాతో అంది.

"నన్ను కాపలా కాసి కాసి ఈయనే ముందెలిపోయేటట్టున్నాడు. నాను కనపడితే పడుకోడు. నాను కనపడని సోటికి తీసికెల్లు. మజ్జిలో దిగిపోయి వొచ్చీడానికి వీల్లేని సోటికి."

"అలాటి సోటు జైలొక్కటే అక్కా."

"జైలుకైతే నిన్ను తోడు పంపించరు. ఓడకైతే పంపుతారు."

మా బావ ఒప్పుకోలేదు. "సముద్రం నాకేల బావ? మేడెక్కితే కనపడతన్నాది గదా," అన్నాడు. నేను ఓడలో గాలి గురించీ తిండి గురించీ చాలా చెప్పాను. ఆయన నా వైపు జాలిగా చూశాడు. మా అక్క మాత్రం ఒక్కమాటే అంది. "నువ్వెల్లకపోతే నాను సూది మానేత్తాను." అంటే మానేసే మనిషే. నన్ను తోడుగా పెట్టి, తను పెందుర్తిలో కూతురింట్లో ఉండేటట్టు ఏర్పాటు చేసుకుని, ఆయన సంచీ తనే సర్దింది. ఓడలో నర్సు ఉంటుందంటే డాక్టరు కూడా సరేనన్నాడు. అలా పడక కోసం పడవెక్కాం.

రేవులోంచి ఓడ కదిలినప్పుడు యారాడ కొండ ముక్కు కుడిపక్కన చాలాసేపు మా వెంట వస్తున్నట్టే ఉండి, తర్వాత చెప్పకుండా ఆగిపోయింది. నేను పుట్టి పెరిగిన పట్నాన్ని నీళ్ళ మీంచి చూడటం అదే మొదలు. పొగగొట్టాలు, క్రేన్లు, మేడలు అన్నీ ఒకే ఎత్తుకి వచ్చి, ఒక గీత అయి, పోయాయి. ఓడ సగానికి పైగా ఖాళీ. డాన్సుల హాల్లో కుర్చీలు బోర్లించి ఉన్నాయి. ఈతకొలనులో నీళ్ళు వాటంతటవే ఊగుతున్నాయి. నూనె మిగలాలి కనక ఇంజను కూడా నింపాదిగా, కడుపు నిండిన గేదె నెమరేసినట్టు, అడుగున ఎక్కడో గుడగుడమంటోంది. ఉతికిన దుప్పట్ల వాసన, ఉప్పుగాలి, ఎవరూ తొందరపడని వరండాలు. మా పక్క గదిలో కాకినాడ నుంచి వచ్చిన రిటైరైన లెక్కల టీచరమ్మ ఉండేవారు. ఒంటరిగా, ఇలాంటి ప్రయాణాలే ఏరుకుని ఎక్కుతారట.

"ఊళ్ళు చూపించే ఓడలు నాకొద్దండీ," అన్నారావిడ. "దిగడం, ఎక్కడం, జెండా పట్టుకున్నవాడి వెనకాల పరిగెత్తడం. దానికన్నా పదో తరగతి పేపర్లు దిద్దుకోవడం నయం. ఇందులో మనం ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు. వెళ్ళడమేదో ఓడే చూసుకుంటుంది."

"నిద్ర పడుతుందాండీ?" అని అడిగాను, మా బావకి వినపడేలా.

"మొదట ఏదో ఒకటి చెయ్యాలనిపిస్తుందండీ. తర్వాత అయ్యో ఏమీ చెయ్యలేదే అనిపిస్తుంది. ఆ తర్వాత ఏమీ అనిపించదు. దాని కోసమే కదా రావడం."

ఆ మందు నాకు మొదటి పూటే పనిచేసింది. భోజనమై కుర్చీలో వాలితే సాయంత్రం టీ వచ్చాక లేచాను. రోగికి మాత్రం పనిచెయ్యలేదు. మా బావ ఓడ వెనకభాగంలో, విశాఖ వైపు తెల్లగా పోతున్న నురగదారికి ఎదురుగా ఒక కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఫోన్‌లో సిగ్నలు చివరిసారి కనిపించింది అక్కడేనట. ఇక ఆ కుర్చీ వదల్లేదు. తిండి నేనే పట్టుకెళ్ళేవాణ్ణి, గదిలోకి ఆయన స్నానానికి తప్ప వచ్చేవాడు కాదు. వేడి పాలు తాగించాను. టీచరమ్మ వంద నుంచి వెనక్కి లెక్కపెట్టమన్నారు. శ్రద్ధగా లెక్కపెట్టి, సున్న దగ్గరికొచ్చి, "ఇప్పుడేటి సెయ్యాల?" అని ఆవిణ్ణే అడిగాడు. ఓడ నర్సు చేతికి రక్తపోటు చూసే పట్టీ చుట్టి, అంకె చూసి, మాతో ఏమీ అనకుండా రెండోసారి చుట్టింది. మెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగి, సముద్రం చూస్తున్నట్టు నటించేవాడు. పెదవులు నీలంగా ఉండేవి. ఇంత శాంతమైన చోట, చేతిలో ఫోన్ పట్టుకుని మనిషి కళ్ళ ముందే తరిగిపోతుంటే, నాకు ఆ నీళ్ళ మీద మొదటిసారి భయం వేసింది. ఒడ్డు మీదైతే ఎవరినైనా కేకెయ్యొచ్చు.

"పడుకో బావా, ఏటీ కాదు," అన్నాను.

"ఏటీ కాదని నువ్వెలగ సెప్తావు?"

"మరేటవుతాది?"

"అది తెలిత్తే పడుకుందును."

ఓడ చెన్నై ఒడ్డుకి దగ్గరగా వచ్చి, ఏవో సామాన్లు ఎక్కించుకోవడానికి కాసేపు నిలబడింది. ఫోన్లు ఒక్కసారిగా ప్రాణం పోసుకున్నాయి. మా బావ మా అక్కతో మాట్లాడాడు. బాగున్నావా, బాగున్నాను, తిన్నావా, తిన్నాను. తర్వాత ఫోన్ నా చేతిలో పెట్టి, "అదెప్పుడూ అదే సెప్తాది," అని మళ్ళీ నురగ వైపు తిరిగాడు. నేను పక్కకి వెళ్ళి ఉన్నమాట చెప్పాను. కన్ను మూయలేదు, రక్తపోటు ఇంకా పెరిగింది, నా వల్ల కావడం లేదు అన్నాను.

"నువ్వాయనతో ఏటన్నావు?" అని అడిగింది.

"ఏటీ కాదు, పడుకోమన్నాను."

"నీ మొకం," అంది. "రిలీవరెవుడైనా ఏటీ కాదంతాడేట్రా? నువ్వు టైమాఫీసోడివి, నీకెలగ తెలుత్తాది. వొచ్చినోడు అడగాల. దిగీవోడు సెప్పాల. అంతా యిన్నాక అప్పుడు, నాను సూసుకుంతాననాల. ఉజ్జోగమంతా ఆ మాట యింతేగాని కాలు కదపనోడు నీ కబుర్లకి పడుకుంతాడేటి?"

"మరి అమ్మాయి సూత్తానన్నప్పుడు ఏల వొదల్నేదు?"

"సూత్తానంది గాని, అడిగిందేటి? పో, ఎల్లి డ్యూటీ తీసుకో."

ఫోన్ పెట్టేశాక కూడా నాకు సిగ్గుగానే ఉంది. నాటకం ఆడుతున్నట్టు ఉంటుందేమోనని. అయినా గదిలోకి వెళ్ళి, చొక్కా లోపలికి దోపుకుని, చెప్పులు వదిలి బూట్లు తొడుక్కున్నాను. షిఫ్టుకి చెప్పులతో రారని ఆ మాత్రం నాకూ తెలుసు. సాయంత్రం ఎండ నీళ్ళ మీద రాగిరేకులా పరుచుకుని ఉంది. వెళ్ళి ఆయన కుర్చీ ఎదురుగా నిలబడ్డాను.

"సెప్పు బావ, ఏటి పొజిషన్?"

తలెత్తి చూశాడు. వెక్కిరిస్తున్నాననుకున్నాడు. నేను నవ్వలేదు. నా బూట్ల వైపు చూశాడు. మెల్లగా వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాడు.

"గాలి కుడిపక్క నించి కొడతన్నాది," అన్నాడు. "ఇంజను సమంగున్నాది. ఇందాక కొంచెం మూలిగింది గాని సర్దుకుంది."

"ఊ. ఇంకా?"

చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. తర్వాత మొదలుపెట్టాడు, అదే గొంతుతో, గాలి గురించి చెప్పినట్టే.

"తెల్లారగట్ల సూడాల. సెమట ముందు మెడ దగ్గిర పడతాది, నుదిటి మీద కాదు. కళ్ళకి కనపడదు, సెయ్యేసి సూడాల. బాగున్నావా అని అడక్కు, బాగున్నానంతాది. మనవరాలి పేరడుగు. తిన్నగా సెప్తే పరవానేదు. తడబడితే బెల్లంముక్క బుగ్గలో పెట్టాల. మింగమనకు, సప్పరించమను."

"బెల్లం ఎక్కడుంటాది?"

"తలగడ కింద డబ్బాలో. తరవాత పాదాలు సూడు. సల్లగుంటే దుప్పటి కప్పు. కసురుతాది. కసిరినా కప్పు."

"కప్పుతాను. ఇంకా?"

ఆయన నా వైపు కాక నీళ్ళ వైపు చూస్తూ అన్నాడు. "ఆపరేసనొకటున్నాది. లోపలికెల్లినోడు బయటికి రాకపోతే, తెల్లారి మీ అక్క ఎవుడి మొకం సూత్తాది? రిలీవరు లేకుండా నన్నెలగ దిగీమంతారు బావ?"

ఇన్నాళ్ళూ ఆయన తన నిద్రకి భయపడుతున్నాడనుకున్నాం. మాత్రలు ఉమ్మేసింది, రక్తపోటు దిగనివ్వనిది, కుర్చీ పట్టుకుని వేలాడింది, అన్నీ ఆ ఆపరేషన్ బల్ల దాకా వెళ్ళకుండా ఉండటానికే. చచ్చిపోతానని కాదు ఆయన దిగులు. చెప్పకుండా దిగిపోవడం కుదరదని. పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకోవాలనిపించింది. అయినా పద్ధతి పద్ధతే.

"నాను సూసుకుంతాను," అన్నాను. "నువ్వెల్లు."

లేచాడు. నేను ఆ కుర్చీలో కూర్చునేదాకా ఆగి, కూర్చున్నాక, గదికి వెళ్ళిపోయాడు.

ఎంతసేపు పడుకున్నాడో చెప్పను. టైమ్ ఆఫీసువాణ్ణి, చెబితే లెక్కలోకి వెళ్ళిపోతుంది. భోజనాలు వచ్చి పోయాయి. గది సర్దే మనిషి రెండుసార్లు తలుపు దాకా వెళ్ళి గురక విని వెనక్కి వచ్చాడు. నేను మాత్రం కుర్చీకి అతుక్కుపోయాను. నవ్వులాటగా తీసుకున్న డ్యూటీ, తీసుకున్నాక నవ్వులాటగా లేదు. టీచరమ్మ ఇడ్లీలు పట్టుకొచ్చి, "మీరూ పట్టుకున్నారేమండీ ఆ కుర్చీని?" అన్నారు. అవసరం ముంచుకొచ్చి చివరికి ఆవిడకే గాలి ఎటునుంచి కొడుతోందో, ఇంజను ఎలా ఉందో అప్పగించి, ఆవిడ చేత కూడా ఆ మాట అనిపించుకుని, బాత్రూముకి పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి ఆవిడ నిటారుగా కూర్చుని ఉన్నారు. దూరాన వెళ్ళిన ఒక సరుకుల ఓడ గురించి, అరిచిన పక్షుల గురించి ఒక్కటీ వదలకుండా చెప్పి లేచారు.

మా బావ మొహం ఉబ్బి, చెంప మీద దిండు ముడతలతో వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు. "సెప్పు బావ, ఏటి పొజిషన్?"

"అంతా నార్మల్."

"నార్మలంతే సరిపోదు. సెప్పు."

చెప్పాను. సరుకుల ఓడ, పక్షులు, మబ్బులు, ఇడ్లీల్లో తగ్గిన ఉప్పు. శ్రద్ధగా విని, నన్ను పంపించి, కూర్చున్నాడు. లంక చుట్టి కొచ్చిన్ చేరేదాకా మేమిద్దరం ఆ కుర్చీ మార్చుకుంటూనే ఉన్నాం. ఆ నీళ్ళకి చివర లేదు, ఆ రోజులకి పేరు లేదు. సోమవారమో గురువారమో అడిగితే టీచరమ్మ కూడా తప్పు చెప్పేవారు. "ఇది బాగున్నాది బావ," అన్నాడొక సాయంత్రం. "కొలిమి లేని షిఫ్టు." నర్సు పట్టీ చుట్టి, ఒక్కసారితోనే విప్పేసింది.

కొచ్చిన్‌లో దిగి రైలెక్కి వచ్చాం. ఆపరేషన్ అయింది. లోపలికి తీసుకెళ్ళేముందు నన్ను పిలిచి అంతా మళ్ళీ అప్పగించాడు, మెడ దగ్గర్నుంచి పాదాల దాకా. బయటికి వచ్చి, మాట పెగిలాక, తిరిగి తీసుకున్నాడు. ఆ తర్వాత అదే అలవాటైంది. మధ్యాహ్నం భోజనమయ్యాక నేను వాళ్ళింటికి వెళ్ళి డ్యూటీ తీసుకుంటే ఆయన లోపలి గదిలో పడుకునేవాడు. తెల్లవారుజాముల్లో, పెందుర్తి నుంచి వచ్చి ఉన్న రోజుల్లో కూతురు, లేనప్పుడు నేను మారేవాళ్ళం. అమ్మాయికి అడగడం నేర్పాను. "నన్నేటో కొలిమినప్పగించినట్టు అప్పగించుకుంతన్నారు మీరు," అని మా అక్క నవ్వేది. అలా చాలాకాలం జరిగింది. బాగా జరిగింది.

ఒక మధ్యాహ్నం హాల్లో కూర్చున్నాం, నేనూ మా అక్కా. అనపకాయలు ఒలుస్తోంది. పొట్టు ఒళ్ళో, గింజలు గిన్నెలో. లోపల మా బావ గురక. చెయ్యి ఒక్క క్షణం ఆగినట్టనిపించి, అలవాటు కొద్దీ మనవరాలి పేరు అడిగాను. చెప్పింది, తడబడకుండా. "నీ మేనకోడలి కూతురు పేరు నీకే తెలదేట్రా," అని నవ్వింది కూడా. నవ్వి, గోడకి తల ఆనించింది. మళ్ళీ పలకలేదు. మెడ మీద చెయ్యేశాను, పొడిగా ఉంది. బెల్లం బుగ్గలో పెట్టాను. ఇది షుగరు కాదు, గుండె అని తర్వాత వచ్చిన డాక్టరు చెప్పాడు. ఎవరున్నా ఏమీ చెయ్యలేకపోయేవారన్నాడు. నేను పక్కింటివాళ్ళని కేకేసి, డాక్టరు కోసం పంపించి, వచ్చి ఆమె పక్కన కూర్చున్నాను. ఆ కేకకి గురక ఆగింది.

మా బావ కళ్ళు నులుముకుంటూ వచ్చాడు. గుమ్మంలో ఆగాడు. ఆమెని చూశాడు. ఏడుస్తాడనుకున్నాను, నా మీద పడతాడనుకున్నాను. వచ్చి నా ఎదురుగా నిలబడ్డాడు.

"సెప్పు బావ."

పొజిషన్ అన్న మాట ఆయన నోట రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. పేరు అడిగినాను, సెప్పింది, నవ్వింది, మెడ సూసినాను, సెమట నేదు, బెల్లం పెట్టినాను, సప్పరించనేదు. మధ్యలో ఎక్కడా అడ్డు రాకుండా చివరిదాకా విన్నాడు.

"నువ్వు మెలకువగానే ఉన్నావు గదా," అన్నాడు.

"ఉన్నాను బావ. నా కళ్ళ ముందే."

"కళ్ళ ముందే," అన్నాడు. ఆ మాటని చేత్తో పట్టుకుని బరువు చూస్తున్నట్టు చాలాసేపు నిలబడ్డాడు. తెల్లవార్లూ కూర్చున్న కుర్చీలన్నీ ఆయన మొహం మీదుగా వెళ్ళాయి. తర్వాత వంగి ఆమె పాదాలు తాకి, లోపల్నుంచి దుప్పటి తెచ్చి కప్పాడు. ఒళ్ళోని పొట్టు తీసి పక్కన పెట్టాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నాను సూసుకుంతాను," అన్నాడు. "నువ్వెల్లు."

నేను కదల్లేదు. కదలకపోవడం పద్ధతి కాదని తెలిసినా కదల్లేదు. ఇద్దరం ఆమెకి చెరో పక్కనా కూర్చున్నాం, కూతురు పెందుర్తి నుంచి వచ్చేదాకా. ఉద్యోగమంతా నేను మనుషులు వచ్చిన టైము, వెళ్ళిన టైము తప్పులేకుండా రాశాను. ఆ రెండింటి మధ్య కాలం అనేదొకటి నడుస్తూ ఉంటుందని నాకు తెలిసింది మాత్రం మా బావ షిఫ్టులో చేరాకే.